ఏడుపు ఆగకుండానే దేవునియందు ఆనందించడం కుదురుతుందా?

అమ్మా, వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది విజయనగరం పక్క పల్లె. నాన్నగారు రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. ఆయన పోయిన మూడు నెలలకే సొంత చిన్నాన్న దొంగ సంతకంతో ఇంటి స్థలం రాయించుకున్నాడు. ఇప్పుడు అమ్మకి కూడా క్రియాటినిన్, అదే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, ఎక్కువ ఉందని రిపోర్టు వచ్చింది. ఇదంతా మోసుకుని ఆదివారం చర్చికి వెళ్తే "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ప్రసంగం. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే మీ చేతులు మాత్రం లేవలేదు. దేవుడు మంచివాడైతే ఇంత చెడు ఎలా జరగనిచ్చాడు? సంతోషించలేకపోతున్నానంటే నా విశ్వాసం పోయినట్టేనా? నవ్వు మొహం పెట్టుకుని కూర్చుంటే అది వేషధారణ కాదా? ఇవీ మీరు అడిగినవి.

ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. మీ విశ్వాసం పోలేదు. విశ్వాసం పోయిన మనిషి దేవుణ్ణి ఇంత గట్టిగా నిలదీయదు, ఊరుకుంటుంది. రెండోది, ఏడుపు పూర్తయ్యాక ఆనందం మొదలవుతుందని, లేదా చెడు ఎందుకుందో అర్థమయ్యాక ఆనందం వస్తుందని ఎదురుచూడకండి. బైబిల్లో ఆనందించినవాళ్లలో ఎక్కువమంది ఏడుస్తూనే ఆనందించారు. అది కుదురుతుంది. ఎలా కుదురుతుందో నేను కళ్లారా చూశాను, నా మీద కూడా వచ్చింది.

నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. చివరి 11 ఏళ్లూ పలాస వైపు ఒక డయాలసిస్ సెంటర్‌లోనే. మా ఊరు సోంపేట దగ్గర. బుధవారం స్త్రీల కూడికలో వాక్యం చెబుతుంటాను. బైబిల్ కాలేజీలో చదువుకున్నదాన్ని కాదు. మంచాల పక్కన నిలబడి నేర్చుకున్నదే చెబుతాను.

"ఎందుకు" అన్నదానితో మొదలుపెడతాను, మిమ్మల్ని ఎక్కువ తొలుస్తున్నది అదే కాబట్టి. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీకూ తెలుసు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో షుగరు, బీపీ లేని రైతులకి, కూలీలకి కూడా కిడ్నీలు పాడైపోతాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి మా రక్తం, మా బావి నీళ్లు, మా మట్టి సీసాల్లో పట్టుకెళ్లారు. ఇదీ అసలు కారణం అని తేల్చి చెప్పిన మాట ఇంతవరకు లేదు. అలాగని కారణం తేలేదాకా మేము మెషిన్లు ఆపి కూర్చోలేదు. ఉదయం షిఫ్టు వాళ్లు రాగానే బరువు చూసి, బీపీ చూసి, సూదులు పెట్టేవాళ్లం. ఆ మంచం మీద పడుకున్న మనిషికి కారణం తెలిస్తే బాగుండేది. కాని ఆ పూట అతన్ని బతికించేది కారణం కాదు, దగ్గరికొచ్చిన చెయ్యి.

ఎందుకని అడగొద్దని నా అర్థం కాదు. జనం అడగబట్టే కదా హిరమండలం రిజర్వాయరు నుంచి ఊళ్లకి పైపుల్లో మంచినీళ్లొచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి తెరిచారు. అడగండి, దేవుణ్ణి కూడా అడగండి. జవాబు రాలేదని చెయ్యి మాత్రం వదలొద్దు.

బైబిల్ కూడా చెడు గురించి కొంత చెబుతుంది, అంతా చెప్పదు. మనిషి తిరగబడ్డాడని, దానితో సృష్టి అంతా ఏకమై మూలుగుతోందని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. ఆఫ్రికాలో బిషప్పుగా చేసిన ఆగస్టీను, 4వ శతాబ్దంలో పుట్టినవాడు, చెడు అనేది దేవుడు చేసిన వస్తువు కాదు, మంచి లోపించిన స్థితి అని వివరించాడు. గుడ్డితనం ఒక వస్తువు కాదు కదా, చూపు లేకపోవడం. అలాగన్నమాట. నాకిది నచ్చుతుంది. కాని శవం పక్కన కూర్చున్నవాళ్లకి దీనివల్ల ఏమీ ఒరగదు, అందుకే ఇంతటితో వదిలేస్తాను.

బైబిల్ ఏ జవాబుల్ని ఒప్పుకోదో అది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పెద్ద పాపులా అని యేసే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు. యోబు స్నేహితులు దేవుడి తరఫున ఎంతో చక్కగా వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్లమీదే, నిలదీసిన యోబు మాటే యుక్తమైనదని అన్నాడు. కాబట్టి "ఏ జన్మలో చేసుకున్నదో" అని వీధిలో అన్నా, "ఏ పాపం దాచారో" అని చర్చిలో అన్నా, నాన్నగారి విషయంలో ఆ మాటని ఇంట్లోకి రానివ్వకండి.

నేను కూడా ఇలాంటి తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక ఏడేళ్ల బాబు జ్వరంతో చనిపోయాడు. భూస్థాపన రోజు వాళ్లమ్మ పక్కన కూర్చుని, ఏదో ఒకటి అనాలని, "దేవుడికి మంచి పువ్వు కావలసి కోసుకున్నాడమ్మా" అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసి, "అయితే మీ తోటలో కోసుకోమను సిస్టరమ్మా" అంది. అప్పుడు నా పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. ఆ మాట నా గుండెలో ఇప్పటికీ ఉంది. మర్నాడు వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. ఏమీ అనకుండా టీ ఇచ్చింది. అప్పటినుంచి చావు ఇంట్లో దేవుడి తరఫున నేను కారణాలు చెప్పను.

లాజరు సమాధి దగ్గర యేసు కూడా చెప్పలేదు. చూడండి, ఇంకొన్ని నిమిషాల్లో లాజరుని లేపుతానని ఆయనకి తెలుసు. తెలిసి కూడా కన్నీళ్లు విడిచాడు. మన తెలుగు బైబిల్లో "కలవరపడి ఆత్మలో మూలుగుచు" అని ఉంటుంది. గ్రీకులో ఆ మాటకి కోపంతో బుసకొట్టడం అనే అర్థం కూడా ఉంది. అంటే చావుని చూసి దేవుని కుమారుడికే కోపం వచ్చింది. పోనీలే, అంతా మంచికే అనలేదు. మీ నాన్నగారి చావు మంచిదని దేవుడు మిమ్మల్ని ఒప్పుకోమనడం లేదు. చెడుని చెడు అనే హక్కు మీకుంది. ఆ చెడులోకి తానే దిగి, మేకులు తిని, నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచావని అరిచిన దేవుణ్ణి మనం నమ్ముతున్నాం. గట్టు మీద నిలబడి ఈత నేర్పేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆనందం సంగతి. కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన మా సెంటర్‌కి వచ్చేవాడు. కొబ్బరికాయలు దింపే పని. ఎడమ చేతికి ఫిస్టులా చేశాక చెట్టెక్కడం మానేయాల్సొచ్చింది, ఆ చేతి మీద బరువు పడకూడదు కదా. ఫిస్టులా అంటే మీకు చెప్పక్కర్లేదు, నాన్నగారి చేతికి చూసే ఉంటారు. మణికట్టు దగ్గర కోసి ధమనిని సిరకి కలిపి కుడతారు. కొన్ని వారాలకి చర్మం కింద తాడులా ఉబ్బుతుంది. మీద వేలు పెడితే తుమ్మెద ఉన్నట్టు జుమ్మంటుంది. ఆ జుమ్మనడం ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టినట్టే, పరుగెత్తాలి. ఈయన రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చేతిని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడట. సెంటర్‌కి రాగానే చెయ్యి నా ముందు పెట్టి "సూడు సిస్టరమ్మా, ఇయాల కూడా పాడతంది" అనేవాడు.

ఆయన ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి అనుకోకండి. మూడో గంటలో పిక్కలు పట్టేసేవి. నీళ్లు ఎక్కువ తీసిన రోజు మరీను. అరిచేవాడు, ఏడ్చేవాడు. నేను పాదం పట్టుకుని వెనక్కి వంచుతుంటే, ఆ ఏడుపులోనే "స్తోత్రం, స్తోత్రం" అనేవాడు. ఒకరోజు నాకు ఆగక అడిగేశాను. పెద్దయ్యా, ఏడుస్తున్నావు, స్తోత్రమూ అంటున్నావు, ఇందులో ఏది నిజం? ఆయన కాసేపు ఊపిరి తీసుకుని, "రొండూనమ్మా. నొప్పి నాది. స్తోత్రం ఆయనకి. నాకున్నది ఒక్క నోరే, రొండూ ఆ నోట్లోంచే రావాలి కదా" అన్నాడు.

నాలుగేళ్లు వచ్చాడు. బాగవలేదు, పోయాడు. నేను దాచి చెప్పడం లేదు.

కాని ప్రభువునందు ఆనందం అంటే ఏమిటో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పౌలు కూడా కొరింథీయులకి రాసిన రెండో పత్రికలో తాము దుఃఖపడేవాళ్లమే, అయినా ఎల్లప్పుడూ సంతోషించేవాళ్లమే అంటాడు. ఒకటి పోయాక ఇంకొకటి అనలేదు. "ఆనందించుడి" అన్న ఆ వాక్యం మీకు చెప్పిన పాస్టరుగారు అది ఎక్కడనుంచి రాసిందో చెప్పారో లేదో. సంకెళ్లలో ఉండి రాశాడు. రాసింది ఫిలిప్పీ సంఘానికి. ఆ ఊళ్లో అంతకుముందు పౌలు, సీల బెత్తం దెబ్బలు తిని జైల్లో పడి, అర్ధరాత్రి పాటలు పాడారు. నర్సుని కాబట్టి నాకు అందులో ఒక చిన్న సంగతి కనబడుతుంది. జైలు నాయకుడు వాళ్ల గాయాలు కడిగింది భూకంపం వచ్చి, అతను మారిన తర్వాత. అంటే పాడినప్పుడు వీపు మీద రక్తం ఇంకా కడగలేదు. గాయం మానాక పాడిన పాటలు కావవి.

అలా పాడటానికి వాళ్ల మనసు గట్టిదనో, స్వభావం హుషారైనదనో కారణం కాదు. పరిస్థితి బాగుందనే సంతోషం పరిస్థితితోనే పోతుంది. ఆయన నన్ను వదల్లేదన్నదానిలో పుట్టే సంతోషం, ఫిస్టులాలో రక్తంలాగ, పైకి కనబడకపోయినా లోపల కదులుతుంటుంది. కొన్ని రోజులు చెవి పెట్టి వింటేగాని వినబడదు.

ఒక్కోసారి అలా కూడా వినబడదు. అప్పుడేమిటి? తిత్లీ తుఫాను గుర్తుందా? 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి బయటికొస్తే ఊరి ఆకారమే మారిపోయింది. ఎప్పుడూ చెట్ల వెనక దాక్కునే పక్క ఊరు అక్కడికే కనబడుతోంది. మా తోటలో 40 కొబ్బరి చెట్లకి 6 మిగిలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అరవై ఏళ్ల మనిషి ఆ లెక్క వేసుకుంటే గుండె ఆగిపోతుంది. జీడి, పనస అన్నీ పోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నా పేషెంట్లు ఎలా ఉన్నారో అని నాకు వేరే టెన్షన్.

తర్వాతి బుధవారం కూడిక పెట్టాం. చర్చి రేకులు ఎగిరిపోయాయి, టార్పాలిన్ కట్టుకున్నాం. వాక్యం చదవమంటే మాలో ఒక ముసలమ్మ హబక్కూకు 3వ అధ్యాయం తీసింది. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా అని ఉంటుంది కదా. ఆమె పుస్తకం మూసేసి తన మాటల్లో మొదలుపెట్టింది. కొబ్బరి పడిపోయినా, జీడి విరిగిపోయినా, పనస మొదలంటా లేచిపోయినా, పాకలో గేదె చచ్చిపోయినా... ఆ గేదె ఆమెదే. అక్కడ ఆగిపోయింది. తర్వాత "నేను యెహోవాయందు ఆనందించెదను" అని రావాలి. రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. టార్పాలిన్ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు వెనక వరసలోంచి ఒక కోడలుపిల్ల, కొత్తగా పెళ్లయి వచ్చింది, ఎప్పుడూ నోరు విప్పనిది, సన్నగా ఆ మాట అంది. ఇంకొకరు అందుకున్నారు. తర్వాత అందరం అన్నాం. ముసలమ్మ అనలేదు. ఏడుస్తూ కూర్చుంది, మేము ఆమె తరఫున అన్నాం.

మీ చేతులు లేవని ఆదివారం సంఘం మీ తరఫున పాడుతోందని అనుకోండి. అక్కడ కూర్చుని ఉండటమే ఆ రోజుకి మీ పాట. నవ్వు మొహం పెట్టక్కర్లేదు, అది వేషధారణే అవుతుంది, మీరు సరిగ్గానే గుర్తించారు. ఎవరైనా ఏంటమ్మా చప్పట్లు కొట్టవా అంటే, ఈవేళ వినడానికొచ్చానండి అని చెప్పండి. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నది కూడా వాక్యమే, అది సంఘం బాధ్యత. మీ పాస్టరమ్మగారికి ఒకసారి విడిగా చెప్పి చూడండి. చాలామంది పాస్టర్లకి మనం చెప్పేదాకా తెలియదు.

ఇంకో మాట. హబక్కూకు ఆ పాటతో మొదలుపెట్టలేదు. మొదటి అధ్యాయంలో ఎన్నాళ్లు మొరపెట్టినా వినవేం అని దేవుడితో పోట్లాడాడు. పాట వచ్చింది చివర. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలుంటే దాదాపు మూడోవంతు ఏడుపులూ మొరలే. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా ఉండదు. దాన్ని ఎవరూ తీసేయలేదు, దేవుడి పుస్తకంలోనే ఉంచారు. ఇంట్లో ప్రార్థించేటప్పుడు మీకు మాటలు రాకపోతే 13, 88 గట్టిగా చదవండి. రోజుకి ఒకసారి చాలు.

చిన్నాన్న విషయం. జబ్బు ఒక రకం చెడు, మనిషి కావాలని చేసేది ఇంకో రకం. రెండోదే నిద్ర పట్టనివ్వదు. "క్షమించాలి కాబట్టి స్థలం వదిలెయ్యమంటున్నారు" అని రాశారు. వదలక్కర్లేదు. ఫిలిప్పీ జైలు సంగతి ఇందాక చెప్పాను కదా, మర్నాడు ఉదయం ఏం జరిగిందో కూడా చదవండి. గుట్టుగా వెళ్లిపొమ్మని అధికారులు కబురు పంపితే పౌలు ఒప్పుకోలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా అందరిముందు కొట్టారు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. రాత్రి పాడినవాడే పొద్దున్న న్యాయం అడిగాడు. ఒరిస్సాలో 1999 జనవరిలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఇద్దరు చిన్న కొడుకులతో సహా జీపులో తగలబెట్టినప్పుడు, ఆయన భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పింది. చట్టం తన పని చేయడం వేరే సంగతి అని కూడా చెప్పింది. తర్వాత కూడా బారిపదలో కుష్ఠురోగుల మధ్యే కొన్నేళ్లు ఉండి పనిచేసింది. క్షమించడం అంటే ఏమీ జరగలేదనడం కాదు, పగని లోపల పెంచుకోకపోవడం. మీరు రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీయించి, నాన్నగారి పాత సంతకాలున్న కాగితాలు పట్టుకుని ఒక లాయరుని కలవండి, ఆలస్యం చేయకుండా. కోర్టుకి వెళ్తూ చిన్నాన్న కోసం ప్రార్థన చేయవచ్చు. మొదట్లో ఆ ప్రార్థన పళ్లు బిగపట్టి చేస్తారు, ఫరవాలేదు.

ఇక నిరీక్షణ. ఇది చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. 2016లో మా ఆయన పోయారు. అదే కిడ్నీ జబ్బు. అందరికీ సూదులు పెట్టిన ఈ చేతులతోనే ఆయనకీ పెట్టాను. మరుసటి ఏడాది ఈస్టరుకి సమాధుల తోటకి వెళ్లాను. మీ ఊళ్లో కూడా ఉంటుంది కదా, ముందురోజు సమాధులకి సున్నం వేసి, తెల్లవారుజామున చీకటి ఉండగానే కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లి అక్కడే ఆరాధన. మాది సముద్రపు గాలి, కొవ్వొత్తి నిలబడదు, కొబ్బరి చిప్పల్లో పెడతాం. అందరూ తూర్పుకి తిరిగి పాడుతున్నారు. నేను మా ఆయన సమాధి దగ్గర కూర్చుని, చిప్ప అంచున కారిన మైనాన్ని గోటితో గీకుతున్నాను. నోరు పెగల్లేదు. తడి సున్నం వాసన. పాట మీద కోపం కూడా వచ్చింది నాకు.

పాస్టరుగారు చదువుతున్నది మొదటి కొరింథీ 15. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమే, మనం అందరికంటే దౌర్భాగ్యులం అని పౌలు అంత సూటిగా రాశాడని నేను అన్నేళ్లు చదివి కూడా గమనించలేదు. ఆయన మన మూడ్ గురించి మాట్లాడటం లేదు. ఆ ఆదివారం పొద్దున్న ఆ సమాధి నిజంగా ఖాళీ అయిందా లేదా, అంతా దాని మీదే ఆధారపడి ఉంది అంటున్నాడు. ఖాళీ అయ్యుంటే, నేను పాడినా పాడకపోయినా అది ఖాళీయే. నా గొంతు మీద ఆధారపడి లేదు. నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. తెల్లారింది, ఎండ సున్నం మీద పడి కళ్లు చెదిరాయి. ఈ మట్టి మా ఆయన్ని ఉంచుకోలేదు, అడిగినరోజు తిరిగి ఇచ్చెయ్యాల్సిందే అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఇంటికెళ్లి కూడా ఏడ్చాను. కాని ఆ రోజు ఏడుపుకి రుచి వేరు. థెస్సలొనీకయులకి పౌలు దుఃఖపడొద్దు అనలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దు అన్నాడు.

లేచిన యేసు చేతుల్లో గాయాలు అలాగే ఉన్నాయని కూడా గమనించండి. తోమాకి చూపించాడు. దేవుడు మన కన్నుల ప్రతి బాష్పబిందువును తుడుస్తాడని ప్రకటన 21లో ఉంది. తుడవాలంటే ఆ రోజు దాకా కన్నీళ్లుంటాయనే కదా. మీరు పడ్డది ఏమీ జరగనట్టు చెరిపేయడు. ఆయన చేతికి గుర్తులు ఉంచుకున్నాడు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. నిరీక్షణ అంటే తప్పకుండా స్వస్థత వస్తుందన్న గ్యారంటీ కాదు. బయటినుంచి కూటాలకి వచ్చిన ఒకాయన నా పేషెంట్ ఒకామెతో, విశ్వాసం ఉంటే మెషిన్ ఎందుకు అన్నాడు. ఆమె మూడుసార్లు మానేసింది. నాలుగోసారి ఆటోలో తెచ్చేసరికి ఊపిరితిత్తుల్లో నీళ్లు, పొటాషియం పెరిగిపోయి గుండె తట్టుకోలేదు. ఆమె వయసు 34. ఆ మంచం పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. దేవుడు స్వస్థపరచగలడు, నేను అడుగుతాను, అడుగుతూనే మెషిన్ ఆన్ చేస్తాను. అమ్మ విషయంలో ఎవరైనా మందులు మానమంటే ఆ మాట వినకండి.

రెండోది మీ గురించి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే దాన్ని విశ్వాసం తక్కువై వచ్చిందనుకోకండి. డాక్టరుకి చూపించుకోండి. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు రొట్టె, నీళ్లు పంపించి నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది తర్వాత.

ఇక అమ్మ రిపోర్టు. క్రియాటినిన్ పెరిగినంత మాత్రాన డయాలసిస్ దాకా వెళ్లిపోతుందని భయపడకండి, చాలామందికి మందులతో, బీపీ అదుపుతో ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. ఒళ్లు నొప్పులకి మందుల షాపులో అడిగి మాత్రలు వేయకండి, నాటు మందులు అసలు వద్దు. కిడ్నీ డాక్టరుకే చూపించండి, వెళ్లేటప్పుడు నాన్నగారి పాత ఫైలు కూడా పట్టుకెళ్లండి. ఆ ఫైలు ముట్టుకోవడం కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, మా ఆయనది నేను రెండేళ్లు బీరువాలోంచి తీయలేదు. ఒక్కరే తీయకండి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. అమ్మ కొత్త రిపోర్టు రాగానే అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. ఈ బుధవారం కూడికలో మీ అమ్మగారి కోసం ప్రార్థన పెడుతున్నాను.